పోస్టు తీసేసింది వాళ్లు, రాజీనామా మాత్రం మనది

రీస్ట్రక్చరింగ్ పేరుతో ఎవరికైనా ఉద్యోగం పోతే చుట్టాలూ స్నేహితులూ మొదట అడిగేది ఎంత ఇచ్చారనే. తగాదా కోర్టు గుమ్మం ఎక్కాక మాత్రం, ఆ ఉద్యోగం ఏ కాగితంతో ముగిసిందో ముందు తేలాలి. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఆ కాగితం తయారయ్యే తీరు ఇప్పుడు చాలామందికి తెలిసిందే. నిన్నటిదాకా లేని మీటింగ్ ఒకటి క్యాలెండర్‌లో ప్రత్యక్షమవుతుంది. గదిలో మేనేజర్ పక్కన హెచ్‌ఆర్ నుంచి ఒకరు కూర్చుని ఉంటారు. "మీ పని మీద మాకేం కంప్లయింట్ లేదండీ, కొత్త స్ట్రక్చర్‌లో మీ రోల్ లేదు, అంతే" అంటారు. తర్వాత రెండు దారులు చూపిస్తారు. ఈరోజే పేపర్లు వేస్తే రెండు మూడు నెలల జీతం, మచ్చలేని రిలీవింగ్ లెటర్. వేయకపోతే టెర్మినేషన్, రేపు ఇంకో కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అదే బయటపడుతుంది. ఆలోచించుకోవడానికి సాయంత్రం దాకా టైమ్. ఇంటి లోను, పిల్లల ఫీజులు కళ్ల ముందు తిరుగుతుంటే చాలామంది పోర్టల్ తెరిచి 'వ్యక్తిగత కారణాలు' అన్న ఆప్షన్ నొక్కేస్తారు.

ఆ నొక్కుడుతో చట్టం దృష్టిలో కథ తలకిందులవుతుంది. పోస్టు తీసేసింది కంపెనీ, కాగితం మీద వెళ్లిపోయింది ఉద్యోగి. మన చట్టం, సుప్రీంకోర్టు తీర్పులు డెబ్బై ఏళ్లుగా చెబుతున్నది గమనిస్తే ఇందులోని అన్యాయం ఎక్కడుందో తెలుస్తుంది. పోస్టు రద్దు చేసుకునే హక్కు యజమానికి ఉందని అవి ఏనాడో ఒప్పుకున్నాయి. ఆ హక్కుకు ఒక ధర కూడా కట్టాయి. హక్కు, ధర రెండూ కలిపి రాసిన ఒప్పందం అది. బలవంతపు రాజీనామా చేసే పనల్లా హక్కును వాడుకుని ధరను ఎగ్గొట్టడం. పరిహారం తగాదాలను లెక్కల తగాదాలుగా చూసినంతకాలం ఈ సంగతి మరుగునే ఉంటుంది.

ఆ ధర 1953లో చట్టంలోకి ఎక్కింది. బట్టల మిల్లుల్లో సరుకు నిల్వలు పేరుకుపోయి వేలమందిని ఇంటికి పంపే పరిస్థితి రావడంతో కేంద్రం హడావిడిగా ఆర్డినెన్స్ తెచ్చి, తర్వాత 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించింది. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుణ్ని క్రమశిక్షణ చర్యగా కాకుండా మరే కారణంతో తీసేసినా అది రిట్రెంచ్‌మెంట్. దానికి నెల రోజుల ముందు కారణం చూపిస్తూ రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, లేదంటే నెల జీతం ఇవ్వాలి. సర్వీసులో ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి, ఆరు నెలలు దాటిన చిల్లర కాలాన్ని పూర్తి ఏడాదిగా లెక్కేయాలి. ప్రభుత్వానికి తెలియజేయాలి. ఒకే రకం పని చేసేవాళ్లలో చివర చేరినవాణ్ని ముందు పంపాలి. కాదు, పాతవాణ్నే పంపుతానంటే కారణం రాసిపెట్టాలి. మళ్లీ ఆ పనికి మనుషులు కావలసివస్తే తీసేసినవాళ్లను ముందు పిలవాలి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ పాత చట్టం స్థానంలోకి వచ్చినా ఈ చట్రం పెద్దగా మారలేదు. పదిహేను రోజుల లెక్కను ప్రభుత్వం నోటిఫికేషన్‌తో మార్చే వీలు కల్పించారు, తిరిగి పిలిచే బాధ్యతకు ఏడాది గడువు పెట్టారు, తీసేసిన ప్రతి కార్మికుడి పేరిట మరో పదిహేను రోజుల వేతనాన్ని రీస్కిల్లింగ్ ఫండ్‌లో యజమాని వేయాలన్నారు.

కోర్టులు యజమాని పట్ల కటువుగా ఉన్నాయనే అభిప్రాయం ఒకటి మన దగ్గర బాగా పాతుకుపోయింది. ఈ విషయంలో అది నిజం కాదు. 1958లో మాక్రోపోలో కేసులోనూ, తర్వాత ప్యారీ కంపెనీ కేసులోనూ సుప్రీంకోర్టు సూటిగానే చెప్పింది: వ్యాపారాన్ని ఎలా తిరగరాసుకోవాలో యజమాని ఇష్టం, దానివల్ల కొందరు మిగులు సిబ్బంది అయితే తీసేయవచ్చు, ఆ నిర్ణయం నిజాయితీగా తీసుకున్నదైతే చాలు, ఇంతకన్నా మంచి పద్ధతి ఉందా అని ట్రిబ్యునల్ తరచి చూడనక్కర్లేదు. ఇంతకంటే ఏ యజమానికైనా ఏం కావాలి? కానీ ఇదే కోర్టు 1960లో, బొంబాయిలోని ఒక ఆసుపత్రి వార్డుల్లో పనిచేసిన ఇద్దరు సేవకుల కేసులో, పరిహారం చేతికి ఇవ్వకుండా చేసిన రిట్రెంచ్‌మెంట్ చెల్లదని తేల్చింది. తీసేయడం ముందు, డబ్బు తర్వాత అంటే కుదరదు. 1976లో స్టేట్ బ్యాంక్ కేసు వచ్చింది. నియామక ఉత్తర్వులోనే తొమ్మిది రోజుల తర్వాత ఉద్యోగం దానంతటదే ముగుస్తుందని రాసి, మేము తీసేయలేదు, గడువు తీరింది అని బ్యాంకు వాదించింది. ఉద్యోగం ఎలా ముగిసినా ముగించింది యజమానే కదా అన్నది కోర్టు జవాబు. 1990లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ విశాలమైన అర్థాన్నే ఖాయం చేసింది. కాలపరిమితి కాంట్రాక్టు తీరిపోతే రిట్రెంచ్‌మెంట్ కాదని అంతకుముందే పార్లమెంటు ఒక మినహాయింపు చేర్చింది కాబట్టి ఆ ఒక్క దారి యజమానులకు తెరిచే ఉంది. మిగతా తలుపులన్నీ మూసుకున్నాక మిగిలిన కిటికీ రాజీనామా.

రాజీనామా అంటే స్వచ్ఛందంగా వెళ్లడం, కనుక రిట్రెంచ్‌మెంట్ నిర్వచనంలోకి రాదు. ఆ నిర్వచనం బయట పడ్డవాడికి పోయేది పదిహేను రోజుల లెక్క ఒక్కటే కాదు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న సీనియారిటీ పట్టిక అడిగే వీలు పోతుంది. పాత కేంద్ర నిబంధనల ప్రకారం తీసివేతకు వారం ముందే ఆ పట్టిక నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఆరు నెలల్లో అదే పనికి కొత్త డిజిగ్నేషన్‌తో ఇంకొకర్ని తీసుకుంటే ప్రశ్నించే వీలు పోతుంది. రీస్కిల్లింగ్ ఫండ్ వాటా పోతుంది. పన్ను విషయంలోనూ దెబ్బే: కార్మికుడికి చట్టప్రకారం వచ్చే రిట్రెంచ్‌మెంట్ పరిహారంలో ఐదు లక్షల దాకా ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది, రాజీనామా చేసినందుకు ఇచ్చిన ప్యాకేజీని మాత్రం జీతంలాగే చూస్తారు. ప్రభుత్వానికి నోటీసు వెళ్లదు కాబట్టి కార్మికశాఖ రికార్డుల్లో ఆ మనిషి ఉద్యోగం పోగొట్టుకున్నట్టే ఉండదు. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు రెండు శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గించుకుంటానని ప్రకటించింది. అలా బయటకు చెప్పే కంపెనీలు తక్కువ. మిగతాచోట్ల అదంతా ఏటా ఉండే అట్రిషన్ అంకెలో కలిసిపోతుంది.

ఇక డబ్బు సంగతి. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితాన్ని దగ్గరగా చదివితే చాలా విషయాలు తెలుస్తాయి. కొత్త కోడ్ రాకముందు, 2025 మధ్యలో, తీసేసిన ఒక ఉద్యోగిని ఊహించుకుని లెక్క వేద్దాం. సర్వీసు పద్నాలుగేళ్ల ఏడు నెలలు. నెల జీతం లక్ష: బేసిక్ 40,000, ఇంటి అద్దె భత్యం 20,000, స్పెషల్ అలవెన్స్ 40,000. నోటీస్ పీరియడ్ రెండు నెలలు. "మొత్తం ఏడు లక్షల ప్యాకేజీ ఇస్తున్నాం" అని హెచ్‌ఆర్ చెప్పిందనుకుందాం. వినడానికి బాగానే ఉంది. విడదీస్తే, అందులో గ్రాట్యుటీ 3,46,154 రూపాయలు. అది పదిహేనేళ్లుగా పోగుపడిన అతని సొమ్ము, రేపు తనంతట తానే మానేసినా వచ్చేదే. నోటీస్ పీరియడ్ జీతం రెండు లక్షలు, అది అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో రాసుకున్నదే. వాడుకోని సెలవులకు 40,000. ఇవన్నీ తీసేస్తే పోస్టు పోయినందుకు నిజంగా ఇస్తున్నది 1,13,846 రూపాయలు. అతను కార్మికుడి నిర్వచనంలోకి వస్తే పాత చట్టం ప్రకారం రావలసింది నెల జీతంలో సగం, అంటే యాభై వేలు, పదిహేను ఏళ్లకు ఏడున్నర లక్షలు. పైన చెప్పిన గ్రాట్యుటీ, నోటీసు, సెలవుల డబ్బు దీనికి అదనం. ప్యాకేజీ అన్న ఒక్క అంకె కింద నాలుగు రకాల డబ్బును కలిపేయడం వల్లే ఈ తేడా కంటపడదు. ఏ పద్దు కింద ఎంతో విడిగా రాసిమ్మని అడిగితే బేరం స్వరూపమే మారిపోతుంది.

ఏడున్నర లక్షల అంకె మీద కూడా గొడవ ఉంటుంది. కంపెనీలు బేసిక్ మీదే పదిహేను రోజులు కట్టి మూడు లక్షలు అంటాయి. పాత చట్టంలో వేతనం అంటే భత్యాలు కూడా, కాబట్టి ఆ లెక్క నిలవదు. ఉద్యోగుల వైపు నుంచి వచ్చే పొరపాటు ఇంకోటి ఉంది: గ్రాట్యుటీకి నెలను 26 రోజులుగా తీసుకుంటారు కదా, దీనికీ అలాగే తీసుకోవాలని. గ్రాట్యుటీ సూత్రం దీనికి వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ పదిహేను రోజులంటే అరనెలే. కొత్త కోడ్‌ల కింద వేతనం నిర్వచనం మారింది. ఇంటి అద్దె భత్యం బయటికి పోయింది. మినహాయింపుల జాబితాలో లేని స్పెషల్ అలవెన్స్ వేతనంలోకే వస్తుందన్న వాదన బలంగా ఉంది. అలా చూస్తే మన ఉదాహరణలో అంకె ఆరు లక్షలు అవుతుంది. మినహాయింపులన్నీ కలిసి జీతంలో సగం దాటితే ఆ పై మొత్తాన్ని వేతనంగానే లెక్కేయాలన్న నియమం వల్ల ఎంత గీచి గీచి చూసినా 3,75,000కు తగ్గదు. బేసిక్‌ను ముప్పై శాతానికి కుదించి మిగతాదంతా భత్యాలుగా చూపించే మన కంపెనీల పాత అలవాటుకు ఇది నిజంగానే ముకుతాడు. తీసేసిన రెండు పనిదినాల్లో బకాయి వేతనాలు చెల్లించాలని కూడా వేతనాల కోడ్ అంటోంది. నెలన్నర తర్వాత సెటిల్‌మెంట్ అనే వాడుక ఎన్నాళ్లు సాగుతుందో చూడాలి.

దీనికి కంపెనీల వైపు నుంచి వచ్చే మొదటి జవాబు: మేమిచ్చే ప్యాకేజీ చట్టం చెప్పినదానికన్నా ఎక్కువే కదా! ఇందులో సగం నిజం ఉంది, ఒప్పుకోవాలి. మూడేళ్ల సర్వీసు ఉన్న ఇంజనీరుకు చట్టం ఇచ్చేది నెలన్నర జీతం. నోటీసు జీతం కాకుండా కంపెనీ మూడు నెలలు ఇస్తే అతనికి లాభమే, కోర్టుకు వెళ్లమని చెప్పేవాళ్లెవరూ అతని మేలు కోరినట్టు కాదు. ఆరేళ్ల సర్వీసు దగ్గర రెండు లెక్కలూ సమానమవుతాయి. ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఉద్యోగికి అరనెల నష్టం. ఇప్పటి తీసివేతలు ఎవరి మీద పడుతున్నాయో చూస్తే ఈ సంగతి ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. పైన చెప్పిన 2025 ప్రకటనలో కూడా కోత ప్రధానంగా మధ్యస్థాయి, పైస్థాయి గ్రేడుల్లోనే అని కంపెనీయే చెప్పింది. పది, పదిహేను, ఇరవై ఏళ్లు పనిచేసినవాళ్లు వీళ్లు. వయసు నలభై దాటినవాళ్లు, మార్కెట్‌లో మళ్లీ అదే జీతం దొరకడం కష్టమైనవాళ్లు. అందరికీ ఒకే రకంగా మూడు నెలలు అన్న ప్యాకేజీ, సర్వీసును బట్టి పెరిగే చట్టపు పరిహారం ముందు, చిన్నవాడికి ఉదారంగానూ పెద్దవాడికి పిసినారిగానూ కనిపించడం యాదృచ్ఛికం కాదు. పైగా నిజంగానే ఎక్కువ ఇస్తున్నప్పుడు రాజీనామా ఎందుకు? రిట్రెంచ్‌మెంట్ అనే రాసి ఎక్కువ ఇవ్వవచ్చు, చట్టం అడ్డుపడదు.

రెండో అభ్యంతరం ఆర్థికవేత్తల నుంచి వస్తుంది. తీసేయడం కష్టమైతే కంపెనీలు చేర్చుకోవడానికే జంకుతాయి, చివరికి నష్టం నిరుద్యోగికే అంటారు. ముందస్తు అనుమతి నిబంధన మీద చేస్తే ఇది పరిశీలించదగ్గ వాదనే. వందమంది దాటిన సంస్థ ప్రభుత్వ అనుమతి లేకుండా తీసేయకూడదన్న నియమంలోని పరిమితిని కొత్త కోడ్ మూడు వందలకు పెంచింది కూడా. అయితే ఆ నియమం ఫ్యాక్టరీలు, గనులు, తోటలకే. ఐటీ కంపెనీకి, బ్యాంకుకు, మీడియా సంస్థకు ఎంతమంది ఉన్నా అనుమతి అక్కర్లేదు. నోటీసు, డబ్బు, సమాచారం, అంతే. అనుమతి గురించిన వాదనను తెచ్చి పరిహారానికి అతికించడం సరికాదు. పదిహేను రోజుల లెక్క కంపెనీ చేతులు కట్టేయదు, ముందే తెలిసిన ఖర్చు అది, బడ్జెట్‌లో వేసుకోవచ్చు. అమెరికాలో పరిహారం చెల్లించి తీరాలన్న కేంద్ర చట్టమే లేదు, అందుకే అది వ్యాపారానికి స్వర్గం అని ఉదాహరణగా చూపిస్తారు. అదే అమెరికాలో ఉద్యోగి చేత సంతకం పెట్టించుకునే పద్ధతి మీద ఎలాంటి కట్టడి ఉందో మాత్రం చెప్పరు. దాని దగ్గరికి వస్తాను.

మూడోది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. నెలకు లక్షలు తీసుకునేవాళ్లు కార్మికులా? చట్టం జీతాన్ని కాక పనిని చూస్తుందన్నది దీనికి జవాబు. సాంకేతిక పని, గుమస్తా పని, చేతి పని చేసేవాళ్లకు జీతం మీద పరిమితే లేదు. పర్యవేక్షణ పనివాళ్లకు మాత్రం పాత చట్టంలో పదివేలు, కొత్త కోడ్‌లో పద్దెనిమిది వేల పరిమితి ఉంది. ప్రధానంగా మేనేజర్ పని చేసేవాళ్లు పూర్తిగా బయట. కాబట్టి రోజంతా కోడ్ రాసేవాడు విజిటింగ్ కార్డు మీద 'అసోసియేట్ మేనేజర్' అని ఉన్నంత మాత్రాన మేనేజర్ అయిపోడు. 2015లో ఉద్యోగం పోయిన ఒక ఐటీ ఉద్యోగిని చెన్నైలోని లేబర్ కోర్టు 2022లో కార్మికుడిగానే గుర్తించి తిరిగి తీసుకోమంది. అయితే దీన్ని అందరికీ వర్తించే అభయంగా చెప్పడం మోసం అవుతుంది. 2024లో ఎయిర్‌టెల్ కేసులో సుప్రీంకోర్టు, ప్రాంతీయ స్థాయిలో వ్యాపార విభాగాన్ని నడిపి, కింది ఉద్యోగుల అప్రైజల్స్ చేసిన అధికారి కార్మికుడు కాడని తేల్చింది. అతను కూడా బలవంతంగా రాజీనామా చేయించారనే వచ్చాడు. కార్మికుడే కానప్పుడు రాజీనామా ఎలా వచ్చిందన్న ప్రశ్న లేబర్ కోర్టు తీర్చేది కాకుండా పోయింది. నిజమైన మేనేజర్లకు మిగిలేది ప్రధానంగా ఒప్పందం, సివిల్ కోర్టు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1988 నాటి షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం సహేతుక కారణం, నెల నోటీసు అడుగుతుంది. అది ఎవరికి ఎంతవరకు అన్నది కూడా వాదనే. ఈ ఖాళీని పూడ్చాల్సింది శాసనసభలు, కోర్టులు కాదు. పదిమందికి టీమ్ లీడ్ కాగానే చట్టం నీడ పోవడం 1947 నాటి మిల్లు సూపర్‌వైజర్‌ను చూసి గీసిన గీత. అప్రైజల్ ఫారం నింపడమే అధికారం అనుకుంటే నేటి ఆఫీసుల్లో సగంమంది అధికారులే.

పోస్టు పూర్తిగా పోకుండా రూపు మారినప్పుడు తగాదా ఇంకా చిక్కుగా ఉంటుంది. రెండు టీములు కలిపేసి, మీ పాత పని లేదు కానీ కోల్‌కతాలో సపోర్ట్ పని ఉంది, రాత్రి షిఫ్టు, వెళ్తారా అంటారు. వెళ్లనంటే ఆఫర్ తిరస్కరించారు కనుక మీరే మానేసినట్టు అంటారు. బ్రిటన్‌లో 1965 నుంచి రిడండెన్సీ పే చట్టబద్ధం. ఇలాంటి చోట అక్కడి చట్టం రెండు పనులు చేస్తుంది: చూపించిన కొత్త పని తగినదేనా అని అడుగుతుంది, నాలుగు వారాలు చేసి చూసుకునే అవకాశం ఇస్తుంది. తగిన పనిని కారణం లేకుండా కాదంటేనే పరిహారం పోతుంది. మన చట్టంలో ఇంత స్పష్టత లేదు గానీ, హేతుబద్ధీకరణ వల్ల మనుషులు తగ్గే అవకాశం ఉంటే 21 రోజుల ముందు మార్పు నోటీసు ఇవ్వాలన్న నియమం పాత చట్టంలోనూ ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. దాన్ని ఫ్యాక్టరీ యూనియన్లు తప్ప ఎవరూ గుర్తుచేయరు. ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద ఇన్ని రోజులుంటే అవుట్ అన్న పాలసీలు, పనితీరు బాగుందని నిన్న రేటింగ్ ఇచ్చి నేడు పిప్‌లో (పనితీరు మెరుగుదల ప్రణాళికలో) పెట్టడం, ఇవన్నీ ఆ నోటీసు ఇవ్వకుండా అదే ఫలితం రాబట్టే దారులే. వీటిని వేరుచేయడానికి అడగాల్సిన ప్రశ్న మామూలుదే: ఆ మనిషి వెళ్లాక ఆ పని ఎవరు చేస్తున్నారు? ఎవరూ చేయకపోతే పోస్టు పోయింది, పరిహారం రావాలి. ఇంకొకరు చేస్తుంటే పోస్టు పోలేదు, తీసేసిన కారణం వేరే ఉంది.

చివరి అభ్యంతరం, నాలుగు డిగ్రీలున్న మనిషి సంతకం పెట్టాక వెనక్కి తగ్గడమేమిటని. ఒప్పందాల చట్టం 1872 నుంచీ బలవంతం, అనుచిత ప్రభావం ఉంటే ఆ సంతకాన్ని రద్దు చేయమనవచ్చని చెబుతూనే ఉంది. బలంలో పొంతన లేని ఇద్దరి మధ్య రాసుకున్న అన్యాయమైన షరతును ఒప్పుకోబోమని 1986లో బ్రజోనాథ్ గంగూలీ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ సంస్థ ఉద్యోగి విషయంలో అన్నది. కానీ బలవంతం జరిగిందని రుజువు చేయాల్సిన భారం ఉద్యోగి మీదే. సాక్షులు లేని గదిలో జరిగినదాన్ని అతను ఎలా రుజువు చేస్తాడు? ఇక్కడే అమెరికా, బ్రిటన్ల పద్ధతి పనికొస్తుంది. అమెరికాలో నలభై దాటిన ఉద్యోగి వయసు వివక్ష మీద దావా హక్కు వదులుకుంటూ సంతకం చేయాలంటే 1990 నాటి చట్టం ప్రకారం 21 రోజులు గడువు ఇవ్వాలి, గుంపుగా తీసేస్తే 45 రోజులు, సంతకం చేశాక కూడా వెనక్కి తీసుకోవడానికి ఏడు రోజులు. బ్రిటన్‌లో స్వతంత్ర సలహాదారు వివరించనిదే సెటిల్‌మెంట్ ఒప్పందం చెల్లదు. రెండు చోట్లా ఉద్యోగి తెలివితక్కువవాడని ఎవరూ అనుకోలేదు, తొందర పెడితే తెలివైనవాడూ తప్పు సంతకం చేస్తాడని మాత్రమే అనుకున్నారు. కంపెనీ అడిగిన రాజీనామాకు పది రోజుల గడువు లేకపోతే దాన్ని రిట్రెంచ్‌మెంట్‌గానే లెక్కేస్తాం, కాదని రుజువు చేసుకోవలసింది మీరే అని ఒక్క వాక్యం కోడ్‌లో చేరిస్తే చాలు. కంపెనీకి దానివల్ల ఖర్చేమీ పెరగదు. నిజాయితీగా ఎక్కువ ఇచ్చే కంపెనీకి అసలే పెరగదు.

అంతవరకు ఉన్న చట్టంలోనే కొన్ని వెసులుబాట్లు ఉన్నాయి. రాజీనామా అమల్లోకి రాకముందు, అంటే సాధారణంగా ఆమోదం పొందకముందు, వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. మీటింగ్‌లో జరిగిందంతా ఆ సాయంత్రమే సొంత మెయిల్ నుంచి హెచ్‌ఆర్‌కు రాసి పంపితే, హెచ్‌ఆర్ దాన్ని ఖండించని పక్షంలో, తర్వాత కోర్టులో దాని విలువ ఎక్కువ. 1987లో ఆంధ్రప్రదేశ్ తన సవరణతో ఉద్యోగం పోయిన కార్మికుడు ప్రభుత్వ రెఫరెన్స్ కోసం ఆగకుండా నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లే వీలు కల్పించింది, కేంద్రం ఆ దారిలోకి 2010లో గానీ రాలేదు. ఆ 2010 సవరణ ఇచ్చిన గడువు మూడేళ్లు, కొత్త కోడ్‌లో రెండేళ్లే. కొత్త ఉద్యోగంలో కుదురుకుని, తీరిక చూసుకుని, పాత కాగితాలు తిరగేద్దాం అనుకునేవాళ్లకు ఆ రెండేళ్లు చాలా త్వరగా గడిచిపోతాయి.